ఎడమ దిక్కు టాంకీ

గంటసేపు కదలొద్దన్నాడు జానీ. నన్ను కాదు, టాంకీని. దాన్ని కనిపెట్టుకుని ఉండాలంటే నేనూ కదలకూడదు కాబట్టి పడవ అడుగున గోనెబస్తా పరుచుకుని ఒక పక్కకు ఒత్తిగిలి పడుకున్నాను. నా మొహానికి జానెడు దూరంలో టాంకీ. నల్లటి రేకు మీద జానీ వేసిన కొత్త అతుకు, అతుకు మీద నీళ్లలో కలిపి పూసి ఆరబెట్టిన సుద్ద, చంటిపిల్ల బుగ్గకు పౌడరు అద్దినట్టు తెల్లగా ఉంది. లోపల యాభై లీటర్ల డీజిలు. అతుకులో సూదిమొనంత సందున్నా సరే, సుద్ద మీద నల్ల మచ్చ పడుతుందట. "పెద్దబాపూ, గంటసేపు సూడు. మచ్చ వడితే పిలువు. వడకపోతే పైపు బిగించి ఇంజను కొడదాం" అని చెప్పి మా బిడ్డ గ్రేసు చేసే జొన్నరొట్టెల కోసం గట్టెక్కి ఇంటికి పోయాడు. వెల్డింగు పనివాడు, దేవరకొండ నుంచి పొద్దున్నే వచ్చాడు, కడుపులో చాయ తప్ప ఏమీ లేదు, తప్పు పట్టలేను. రేపు తెల్లారి ఇదే పడవలో ఇరవై మంది ఆడవాళ్లు కృష్ణ దాటాలి, అవతలి ఒడ్డున మిరపకాయ ఏరడానికి. నడిపేది నేను కాదు, గ్రేసు. నా చేతులు ఇప్పుడు చుక్కాని పట్టుకుంటే చుక్కానే నన్ను నడిపిస్తుంది.

నీళ్లు పడవను తడుతున్న చప్పుడు ఎంత కాలానికి విన్నాను. నాలుగేళ్లు ఈ పడవ గట్టు మీద బోర్లా పడి ఉంది. కింద తొండలు కాపురం పెట్టాయి, ఒక కోడి వరసగా రెండు విడతలు పిల్లల్ని లేపింది. ఊళ్లోకి రోడ్డు పడి ఆటోలు తిరిగాక ఈ పడవ సంగతి అడిగినవాడు లేడు, ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని ఊరికే అన్నారా. మిరప తోటలకు మాత్రం రోడ్డు మీద పోతే డెబ్బై కిలోమీటర్లు, నీళ్ల మీద పోతే ముప్పావు గంట, అందుకే మళ్లీ మల్లన్న గుర్తొచ్చాడు. గ్రేసు షాద్‌నగర్‌లో మందుల కంపెనీలో ఆరేళ్లు ప్యాకింగు పని చేసింది. వాళ్లమ్మ మంచాన పడ్డప్పుడు వచ్చింది. వాళ్లమ్మ పోయిన ఏడు గుడ్‌ఫ్రైడేకు వారం ముందు పోయింది, అయినా ఈ పిల్ల తిరిగి పోలేదు. ఒకరోజు పొద్దున గరగరమని చప్పుడొస్తే వచ్చి చూశాను, చీరకొంగు తలకు చుట్టుకుని పడవ మీది తుప్పు గీకుతోంది. "ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అన్నాను. "జంగు గీకుతున్న." "ఎందుకు?" "నడుపుత." అంతే, ఇంకో మాట లేదు. వాళ్లమ్మ కూడా ఇంతే, పది మాటల పనిని ఒక మాటలో తేల్చి ఎదుటివాణ్ణి వెర్రిమొహం వేసుకుని నిలబెట్టేది. గీకి గీకి చేతులు బొబ్బలెక్కాక ఎర్ర రంగు పూసింది, మూడు చోట్ల రేకు మాసికలు వేయించింది, కీళ్లకు తారు పోసింది. నెల రోజులు నేను గట్టు మీద కూర్చుని అది అట్ల కాదు, ఇది ఇట్ల కాదు అంటూ వంకలు పెట్టడం తప్ప ఇంకేం చేయలేదు. వంకలు పెట్టడం కూడా పనేనని నేను అంటాను, ఆమె ఒప్పుకోదు.

టాంకీ దగ్గరికొచ్చేసరికి మాత్రం నేనే చేయి చేసుకున్నాను. లోపలంతా జంగు. మూత తీసి నాలుగు దోసిళ్ల గులకరాళ్లు పోసి, సర్ఫు నీళ్లు పోసి, తాళ్లతో వేపచెట్టు కొమ్మకు కట్టి ఊపాను, ఊయలలో పిల్లను ఊపినట్టు, ఒక పూటంతా. గలగల, గలగల. గ్రేసు పుట్టినప్పుడు కూడా ఇంతే ఊపేవాణ్ణి, వాళ్లమ్మ బిక్షమ్మకు అప్పటికే వంగి బిడ్డను ఎత్తుకోవడం కష్టంగా ఉండేది. ఎర్రటి నీళ్లు పోయాయి, తర్వాత గోధుమరంగు నీళ్లు, చివరికి తేటనీళ్లు. అడుగున జల్లెడలా చిల్లులు తేలాయి. జానీ వచ్చి టాంకీని బోర్లించి, చిల్లుల్లోంచి నిండా నీళ్లు పోసి, ఉత్త టాంకీకి మంట పెడితే పేలిపోతుందని నాకు పాఠం చెప్పి, చిల్లుల మీద పలక అతికాడు. నాకు తెలిసిన సంగతే, అయినా విన్నాను. ఆ తర్వాతే గొడవ మొదలైంది. "టాంకీ మధ్యల పెడదాం పెద్దబాపూ, ఇంజను ఎనక. బరువు సమానముంటది" అన్నాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "నీకు అతుకేసుడు ఎరుక. పడవ ఎరుకనా?" అన్నాను. అప్పుడు గ్రేసు అంది, ఎంత గర్వంగా అంది, "జానన్నా, ఈ రేవుల నాలుగు పడవలున్నయి. నాలుగింట్ల టాంకీ ఎడమ దిక్కే ఉంటది. మా బాపు పెట్టిన లెక్క. బాపు ఊకెనే పెట్టలే." జానీ నాలుగు బోల్టులు బిగించి, కింద పాత ట్యూబు ముక్క పరిచి, టాంకీని ఎడమ దిక్కు కూర్చోబెట్టాడు. ఊరికే పెట్టలేదన్న మాట నిజమే. ఎందుకు పెట్టానో మాత్రం గ్రేసుకు తెలియదు, రేవులో ఎవరికీ తెలియదు.

తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది. మా బిక్షమ్మ, మర్రిగూడ దిక్కు పిల్ల. బావి తవ్వే ముఠాతో నేను ఆ దిక్కు పోయినప్పుడు, పైనుంచి మట్టి బుట్టలు అందుకునే గుంపులో కనిపించింది. నవ్వినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. సిగ్గేమో అనుకున్నాను, పెళ్లయ్యాక తెలిసింది, పళ్ల మీద గోధుమరంగు చారలు. అక్కడి ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన అందరికీ ఉండేవే. మా ఊరికి కాపురానికి తెచ్చిన మొదటి రోజే ఏటికి తీసుకొచ్చి, తాగు, ఎంత తియ్యగుంటయో చూడు అన్నాను, ఏరు నేనే తవ్వించినట్టు. దోసిలితో తాగింది. కాసేపు ఆలోచించింది. "సప్పగున్నయి" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. "గివేం నీళ్లయ్యా, ఉప్పు లేని కూర లెక్కున్నయి. మా ఊరి నీళ్లకు రుచుంటది." ఆ రుచే తన ఎముకల్లో చేరిందని అప్పటికి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. తియ్యటి నీళ్లు దొరికేసరికి ఆలస్యమైపోయింది. ముప్పై ఐదు దాటేసరికి మెడ తిరగడం మానేసింది, తర్వాత మోకాళ్లు. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగేది. ఊళ్లో పిల్లలు ఆ నడకను అనుకరిస్తే కొట్టబోయేవాణ్ణి, ఆమే ఆపేది. "ఆడుకోనియ్ రాదు, ఆడినంక మల్ల తిప్పుతుండ్రంటే వాళ్ల మెడలు మంచిగున్నట్టే గద" అనేది. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ నాకు తేలలేదు.

సుద్ద మీద ఏదో ఉన్నట్టుంది. లేదు, చీమ. పో అమ్మా, నీ పని చూసుకో.

ఈ ఇంజను కూడా మర్రిగూడదే. బిక్షమ్మ అన్న బావి మీద ఉండేది, బావి ఎండిపోయాక గడ్డివాములో పడేస్తే ఎడ్లబండి మీద ఇక్కడిదాకా తెచ్చాను. ఆ బావి నీళ్లు తోడిన ఇంజనే ఈ ఏటి మీద పడవ తోస్తుందంటే బిక్షమ్మకు మహా సరదా. "దానికి బుద్ధొచ్చింది, నాకు మొగుడొచ్చిండు" అనేది. రేవులో మొదటి ఇంజను పడవ మాదే. అప్పట్లో టాంకీ మధ్యలోనే ఉండేది, జానీ చెప్పినట్టే. ఇంట్లో ఆమెకు కూర్చునే జాగా లేదు, నేల మీద కూర్చోలేదు, కుర్చీలో కూర్చుంటే కాళ్లు కిందికి వంగవు. ఒకరోజు పడవ మీదికి ఎక్కించి చూద్దామనుకున్నాను. రేవులో బండ ఉంది కదా, పడవ కుడి పక్క ఆ బండకు ఆనుతుంది. ఆ పక్క నుంచి ఎక్కితే అక్కడే కూర్చోవాలి, ఇంజను దాటి ఎడమ దిక్కు పోవాలంటే మోకాలు ఎత్తాలి, ఆమెకు లేవదు. అందుకని కుడి పక్కన చెక్కబల్ల కొట్టాను, కాళ్లు తిన్నగా చాపుకునేంత పొడుగు, వీపుకు ఆనుకోవడానికి ఒక పలక. మెడ తిరగదు కాబట్టి నావైపు మొహం పెట్టి కూర్చునేది, వెనక్కు చూస్తూ. పోయే ఒడ్డు ఎప్పుడూ ఆమెకు కనిపించదు, వదిలి వచ్చిన ఒడ్డే కనిపిస్తుంది. పాపం అనిపించి ఒకసారి అడిగితే, "నువ్వు ముంగట సూడు, నేను ఎనక సూస్త. ఇద్దరం కలిస్తే ఏరంత సూసినట్టే" అంది. పదిహేనేళ్లు అట్లా చూసింది, వెనక ఒడ్డునూ నా మొహాన్నీ. నా మొహంలో చూడడానికి ఏముందని నేను అడగలేదు, అడిగితే ఏదో ఒకటి అనేది, అది రోజంతా గుచ్చుకునేది.

ఊరికే కూర్చునేది కూడా కాదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆడవాళ్ల తలలు లెక్కపెట్టేది. ఒకసారి అవతల మిరప తోటలో బీరమ్మ చెట్టు కింద నిద్రపోయి మిగిలిపోతే, పడవ కదిలాక "ఒక తల తక్కువున్నది, తిప్పు" అని నన్ను వెనక్కు మళ్లించింది. నేల మీద నడక లేని మనిషికి నీళ్ల మీద అంత పెత్తనం. పడవ మాత్రం ఆమె కూర్చోగానే కుడికి ఒరిగేది. కొంచెమే, నాలుగు వేళ్లు. కానీ ఆ నాలుగు వేళ్లకే ఆమె మొహం చిన్నబోయేది, నా బరువుకే గిట్లయితాంది అనేది, రేపటి నుంచి రాను అనేది. అందుకే ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, ఎవరూ లేనప్పుడు, టాంకీ విప్పి ఎడమ పక్కకు జరిపాను. యాభై లీటర్ల డీజిలు, టాంకీ రేకు, బిక్షమ్మా ఆమె సద్దిగిన్నె, అటూ ఇటూ సరిగ్గా సరిపోయాయి. సోమవారం ఆమె వచ్చి కూర్చుంది, పడవ ఒరగలేదు. నావైపు చూసింది, టాంకీ వైపు చూసింది. ఆ రోజు అవతలి ఒడ్డు చేరేదాకా నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వుతూ ఉంది. నా జీవితంలో అంతకంటే మంచి రోజు ఇంకొకటి ఉందేమో నేను ఎంత వెతికినా దొరకడం లేదు.

పాడు బుద్ధి నాది. వారం తిరక్కుండా భీమయ్య వచ్చి అడిగాడు, వాడూ అప్పుడే తన పడవకు ఇంజను పెట్టిస్తున్నాడు. "ఇస్రాయేలన్నా, టాంకీ ఎడమకు జరిపినవేందే?" గట్టు మీద ఐదారుగురు మగవాళ్లున్నారు, బీడీలు కాలుస్తూ. పెండ్లాం మోకాళ్ల కోసం పడవ మార్చానని ఎట్లా చెప్పేది? నాలుగు దినాలు నవ్వుతారు, పేరు పెడతారు. "గాలి తమ్మీ" అన్నాను. "అవతలికి పోతుంటే గాలి కుడి నుంచి కొడ్తది. ఎడమ దిక్కు బరువుంటెనే పడవ నిలవడ్తది." నోటికొచ్చింది అన్నాను. పోయేటప్పుడు కుడి నుంచి కొట్టే గాలి వచ్చేటప్పుడు ఎడమ నుంచి కొట్టదా అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. మొదటి ఇంజను పడవవాడు చెప్పాడు, అయిపోయింది. భీమయ్య ఎడమకు పెట్టించాడు, కురుమయ్య పెట్టించాడు, నాలుగో పడవా అంతే. వాళ్ల పడవల్లో బిక్షమ్మ లేదు కదా, ఎడమకు ఒరిగాయి. ఒరిగితే టాంకీ జరపాలి గాని, ఇస్రాయేలు లెక్క తప్పుతుందా, కుడి పక్కన తలా ఒక బండరాయి పెట్టుకున్నారు. ఇరవై ఏళ్లుగా రాళ్లను ఏరు దాటిస్తున్నారు, మళ్లీ వెనక్కు తెస్తున్నారు. మొదట్లో రాత్రి ఇంటికొచ్చి బిక్షమ్మకు చెబితే ఆమెకు నవ్వు ఆగేది కాదు. తర్వాత తర్వాత నవ్వలేదు. "నిజం జెప్పు రాదు, నేనేమన్న దొంగసొత్తునా" అంది ఒకసారి. రేపు చెప్తానన్నాను.

తెలంగాణ వచ్చాక మర్రిగూడకు నల్లాలు వచ్చాయి, కృష్ణ నీళ్లు ఇంటింటికీ. ఆమె అన్న ఫోను చేసి చెబితే మంచంలో పడుకునే వింది. "మా ఊరికి ఏరు నడిచిపోయింది సూడు, నేను ఏటికాడికి నడవలేకున్న" అంది. అప్పటికి రేవు దాకా ఎత్తుకుపోవడం కూడా కుదరడం లేదు, ముట్టుకుంటే నొప్పి. దవాఖాన వాళ్లు చేసేది చేశారు. ఆమె రాకపోయేసరికి పడవ ఎడమకు ఒరిగేది, నేను రాయి పెట్టలేదు, చుక్కానిని అదిమి పట్టుకుని కొన్నాళ్లు నడిపాను, భుజం పోయింది, ఇక గట్టెక్కించాను. వయసు మీద పడే భుజం పోయిందని అందరూ అనుకున్నారు. నేనూ అదే చెప్పాను.

భుజం. ఎడమ భుజం కింద బస్తా తడిగా ఉంది. డీజిలా? కాదు, నీళ్లు. కీళ్లలోంచి ఊరిన చెమ్మ. అడుగున దోసెడు నీళ్లు చేరాయి, మధ్యలో కాదు, అంతా నావైపే, ఎడమకే. జానీ వదిలేసిన నట్టు ఒకటి దొర్లుకుంటూ వచ్చి టాంకీ కాలికి తగిలి ఆగింది. తల ఎత్తి చూస్తే కుడి అంచు పైకి లేచి ఉంది, ఎడమ అంచు నీళ్లకు దగ్గరగా ఉంది. నాలుగు వేళ్లు కాదు, జానెడు. ఇంత తేలిక పడవలో నేనొక్కణ్ణి పడుకుంటేనే ఇంత. ఇరవై మంది ఎక్కాక, నడి ఏట్లో గాలి లేచాక, ఒకామె భయపడి లేచి నిలబడితే? నేనైతే ఇరవై ఏళ్ల అలవాటు మీద చుక్కానిని అదిమి పట్టేవాణ్ణి. గ్రేసుకు ఏం తెలుసు? నేను చెప్పిన అబద్ధమే తెలుసు. గాలి కుడి నుంచి కొడుతుందని నమ్ముకుని పోతుంది నా బిడ్డ. జానీని ఎందుకు కసిరాను? మధ్యలో పెడతానంటే పెట్టనిచ్చి ఉంటే అయిపోయేది కదా. కానీ మధ్యలో పెట్టడమంటే ఏమిటి? ఇక బిక్షమ్మ ఎక్కదు అని ఇనుముతో, బోల్టులతో బిగించి చెప్పడం. సమాధి మీద మట్టి వేసినప్పుడు కూడా నేను అంత గట్టిగా ఒప్పుకోలేదు. ఆమె జాగా ఖాళీగా ఉంటే ఉండనీ, పడవ ఆమె కోసం ఒరిగి ఉంటే ఉండనీ అనుకున్నాను. ఏడాదిగా నేను ఒరిగి బతకడం లేదా?

"బాపూ, లే. గంట దాటింది."

గ్రేసు. వెనకే జానీ, మూతి తుడుచుకుంటూ. జానీ వంగి సుద్ద మీద వేలు రాసి చూశాడు. "సుక్క లేదు పెద్దబాపూ. పక్కా!" అన్నాడు. లేచి కూర్చున్నాను. సంతోషం రాలేదు. గ్రేసు బండ మీద నిలబడి పడవను చూస్తోంది, కళ్లు చిన్నవి చేసి, అచ్చం వాళ్లమ్మ తలలు లెక్కపెట్టినట్టు. "బాగనే ఒరిగింది గద. ఉండు, రాయి పెడ్త" అంది, నేను నోరు తెరిచేలోపే ఒడ్డున ఉన్న బండరాయిని రెండు చేతులా పొట్టకు ఆనించి ఎత్తుకుని వచ్చింది. కుడి పక్కన పెట్టడానికి ఒకటే జాగా ఉంది. చెక్కబల్ల.

"గాడ పెట్టకు!" అని అరిచాను.

"ఎందుకు బాపూ? భీమయ్య మామ పెట్టలే?"

"మీ అమ్మ జాగా అది."

"ఎరుకనే. కని అమ్మ లేదు గద బాపూ." మెల్లగా అంది, రాయి ఇంకా పొట్ట మీదే ఉంది.

"రాయి కింద పెట్టు బిడ్డా. చెప్త." పెట్టింది. చెప్పాను. బండ సంగతి, మోకాళ్ల సంగతి, ఆదివారం టాంకీ విప్పిన సంగతి. గాలి సంగతి చెప్పేటప్పుడు తల ఎత్తలేకపోయాను. నెలరోజులు నా బిడ్డ ఊరంతా చెప్పుకుంది, మా బాపు లెక్క, మా బాపు లెక్క అని. కోప్పడుతుందనుకున్నాను. పడవలోకి దిగి ఆ బల్ల మీద కాళ్లు చాపుకుని, నావైపు మొహం పెట్టి కూర్చుంది. పడవ మెల్లగా లేచి తిన్నగా నిలబడింది. జానీ "అరె" అన్నాడు. గ్రేసు కళ్ల నిండా నీళ్లున్నాయి.

"రేపు నేను చుక్కాని కాడుండాలె" అంది. "మరి ఈడ ఎవరు కూసోవాలె బాపూ?"

ఏడాది నుంచి ఇంట్లో మంచం చూసినా అదే ప్రశ్న, కంచం చూసినా అదే ప్రశ్న. "జానీ, డీజిలు డబ్బాలకు ఒంపు. పానా ఇటు తే" అన్నాను. వాడు తాను విప్పుతానన్నాడు, ఇవ్వలేదు. ఎడమకు జరిపింది నేనే, నేనే విప్పాలి. మొదటి బోల్టుకే భుజం మొరాయించింది, గ్రేసు వచ్చి పానా మీద తన చేయి వేసింది, ఇద్దరం కలిసి తిప్పాం. టాంకీని ఎత్తి ఇంజను వెనక మధ్యలో దించేసరికి చెమటలు పట్టాయి. కింద ట్యూబు ముక్క నేనే పరిచాను. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

పక్క బండ దగ్గర భీమయ్య తన పడవ కడుగుతున్నాడు. అటు నుంచి చూసి చేయి అడ్డం పెట్టుకుని కేకేశాడు, "ఏమాయెనే ఇస్రాయేలన్నా? టాంకీ జరుపుతున్నవు?"

"మధ్యల పెడుతున్న తమ్మీ!"

"మధ్యలనా? మరి గాలి?"

గట్టు మీద నలుగురు ఆగి చూస్తున్నారు. బట్టలు ఉతికే ఆడవాళ్లు కూడా తల ఎత్తారు. నేను ఇంజను పట్టుకుని లేచి నిలబడ్డాను. "గాలి లేదు గీలి లేదు భీమయ్యా! మా బిక్షమ్మకు మోకాళ్లు వంగకపోయేటివి. కుడి దిక్కు కూసునేది. ఆమె కోసం ఎడమకు పెట్టిన. గంతే!"

ఎవరూ నవ్వలేదు. భీమయ్య తన పడవ కుడి పక్కనున్న రాయిని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ రాయిని చూశాడు.

"గీ ముచ్చట అప్పుడే చెప్తే ఏం పోయేదే అన్నా?" అన్నాడు.

"సిగ్గయింది తమ్మీ" అన్నాను.